అటక మీది విత్తనాలు

మా ఇంట్లో ఉప్పు ఎప్పుడూ అయిపోలేదు. ఇందులో గొప్పేమీ లేదని తెలుసు. అయినా నా జీవితంలో నలుగురి ముందు ధైర్యంగా చెప్పుకోగలిగిన సంగతులు తక్కువ. అందుకే దీనితో మొదలుపెడుతున్నాను.

ఉప్పే కాదు. చింతపండు, ఎండుమిర్చి, అగ్గిపెట్టెలు, కొబ్బరితాడు, కిరోసిన్ దీపం, దానికో అదనపు వత్తి, ఆ వత్తికి తోడుగా ఇంకోటి. ఇవి అయిపోయే దాకా అమ్మ ఆగదు. డబ్బా సగానికి వచ్చిందంటే ఆవిడ లెక్కలో అయిపోయినట్టే. గ్యాస్ బండ ఇంటికొచ్చిన రోజే తర్వాతి బండ ఎప్పుడొస్తుందని అడుగుతుంది. ఖాళీ పాల ప్యాకెట్లు కడిగి, తాడు మీద ఆరేసి, మడతపెట్టి దాస్తుంది. ఎందుకమ్మా అంటే "ఉండనీ" అంటుంది. ఆ "ఉండనీ" కిందే మా బాల్కనీ మొత్తం పోయింది.

అన్నిటికంటే ముఖ్యమైనది పిడికిలి. వంటకి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేస్తుంది. పొలం ఉన్న రోజుల్లోనూ వేసింది, పోయాకా వేసింది. నాన్న పోయిన రోజున కూడా, వండింది పక్కింటివాళ్ళే అయినా, ముంత దగ్గరికి వెళ్ళి వేసి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో నా భార్య ఉండబట్టలేక అడిగింది.

"అత్తా, ముంతలోవి కూడా చివరికి మనమే తింటాం కదా?"

"తింతాం. ఈయేల తినం, అంతే."

నేను డిగ్రీలో ఆర్థికశాస్త్రం తీసుకోలేదు కాబట్టి ఇందులో తప్పేమీ పట్టలేకపోయాను.

నేను తీసుకున్నది వృక్షశాస్త్రం. దాని పుణ్యమా అని వన్ టౌన్‌లో ఓడల ఏజెంటు ఆఫీసులో కూర్చుని, ఎరువుల ఓడలు వచ్చినప్పుడు వాటి కాగితాలు చూస్తుంటాను. ఏం చేస్తున్నావని బంధువులు అడిగితే వ్యవసాయ రంగంలోనే ఉన్నానని చెబుతాను. నాన్న పొలం నేను కాలేజీలో చేరకముందే ఒక ఫ్యాక్టరీ ప్రహరీ లోపలికి వెళ్ళిపోయింది. కొన్నేళ్ళకు నాన్న కూడా వెళ్ళిపోయాడు. ఆయన ఏ ప్రహరీ లోపలికి వెళ్ళాడో ఎవరూ చెప్పలేదు. అమ్మా, నా భార్యా, నేనూ దువ్వాడ స్టేషనుకి ఈవల ఒక మూడంతస్తుల ఇంట్లో పై అంతస్తులో అద్దెకుంటున్నాం. పై అంతస్తు వేసవిలో పెనంలా కాలుతుంది. అందుకే అద్దె తక్కువ.

పొలం పోయినా విత్తనం మిగిలింది. లావు గింజ, ఎర్రబియ్యం. దానికి శాస్త్రీయ నామం, సంకర నామం ఏవీ లేవు. మా ఇంట్లో "మనొడ్లు" అనేవారు. నాన్న తాత కాలం నుంచి ఉన్నాయట. పొలం పోయాక అమ్మ వాటిని బొబ్బిలి దగ్గర తన తమ్ముడి ఊరికి పంపేది. మావయ్య ప్రతి తొలకరికీ తన పొలంలో ఒక మూల అవి చల్లి, కోతలయ్యాక మళ్ళీ రెండు కుంచాలు బస్సులో పంపేవాడు. అమ్మ అందులో రాళ్ళూ తాలూ ఏరి, ఎండబెట్టి, వేపాకు కలిపి, గోనెసంచిలో కట్టి దాచేది. మళ్ళీ తొలకరికి అవే వెనక్కి వెళ్ళేవి.

మా ఇంట్లో దాచిపెడితే మిగలని వస్తువు అదొక్కటే. వడ్లు ఏడాది దాటితే మొలక తగ్గుతుంది, రెండేళ్ళు దాటితే అవి ఒట్టి తిండిగింజలు. ఏటా మట్టిలో పారేస్తేనే అవి మిగులుతాయి.

పోయినేడు వానలకి ముందు మావయ్య ఫోన్ చేశాడు. అమ్మకి చెవి కొంచెం తక్కువ కాబట్టి ఫోన్ స్పీకర్లో పెట్టాం.

"అప్పా, ఈ యేడు ఎయ్యలేనే."

"ఏటిరా, వర్సం నేదా?"

"వర్సానికేటి, బాగానే ఉంది. పొలమే నేదు."

ఊరవతల రోడ్డు పడుతోందని, దాని పక్కన పొలాలన్నీ లేఅవుటుకి ఇచ్చేశారని మావయ్య నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"నువ్వూ ఇచ్చీసినావేటి?"

"సుట్టూ అందరూ ఇచ్చీసినారప్పా. మద్దిలో నానొక్కడినే ఉంతే నీల్లు ఎటునుంచొత్తాయి, సెప్పు?"

అమ్మ తిట్టలేదు. మా అమ్మ తిట్టకపోతే భయపడాలి. "మరి నా రెండు కుంచాలూ?" అంది. అవతల మావయ్య ఏదో సిగ్నల్ సరిగా లేదన్నాడు. సిగ్నల్ బాగానే ఉంది. ఆయన గొంతు సవరించుకోవడం కూడా మాకు వినిపించింది.

ఇక వెతకడం నా వంతు. ఆఫీసులో ఒకాయనకి అనకాపల్లి వైపు భూమి ఉంది, దాన్నిండా సరుగుడు వేశాడు. ఇంకొకాయనకి తోట ఇల్లుంది. ఓ మూల నాలుగు గజాలు వరి చల్లుకుంటామంటే, వరి ఉంటే పాములొస్తాయని, పిల్లలు పుట్టినరోజులు చేసుకునే చోటని అన్నాడు. మా కింది వాటాలో ఉండేవాడిది యారాడ, సముద్రం మీద వేట చేసే కుటుంబం. వాడు మాత్రం పోర్టులో పడవల మీద పనిచేస్తాడు. నన్ను వరస లేకపోయినా బావా అంటాడు.

"మా ఊల్లో ఇసక ఉంది బావా. ఎంత కావాలంతే అంత ఏసుకో, కౌలు కూడా ఒద్దు."

"ఇసకలో వరి రాదురా."

"వల ఎయ్యి మరి. వరి అంతే పంతమేటి?"

తొలకరి వెళ్ళిపోయింది. అదును దాటాక అమ్మ నన్ను ఆ మాట అడగడం మానేసింది. "వచ్చే ఏడు సూద్దాంలే," అంది. మొలక తగ్గినా వచ్చే ఏడుకి సగమైనా బతికుంటాయని ఆవిడ లెక్క. అప్పటికి ఒక మడి దొరక్కపోదు. సంచి విప్పి, పాత వేపాకు తీసి కొత్తది వేసి మళ్ళీ కట్టింది. మూతున్న పెయింటు బకెట్ ఒకటి ఖాళీగా ఉంది, అందులో పోస్తే పురుగు పట్టదన్నాను.

"ఇత్తనానికి ఊపిరాడాల. నిన్ను మూతెట్టి బకెట్లో ఎడితే ఉంతావేటి?"

ఆఫీసులో నా గది గుర్తొచ్చింది కానీ వాదించలేదు.

ఆ సంచి ఎక్కడ పెట్టాలో అమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళ ఊరు ఏటి పక్కది. వరదొస్తే నీళ్ళు ముందు గుమ్మం, తర్వాత మంచం, తర్వాత పొయ్యి దాకా వస్తాయి. అందుకని విత్తనాన్ని ఇంట్లో అన్నిటికంటే ఎత్తున పెట్టాలి. బంగారం కింద ఉన్నా ఫరవాలేదు. వంటింటి అటక మీద, ఇంటి కప్పుకి తగిలేలా, నా చేతే పెట్టించింది.

తర్వాత అక్టోబరులో టీవీలో తుఫాను గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. నగరమంతా బ్రెడ్డు కోసం పరుగులు పెడుతుంటే మా ఇంట్లో ఒక రకమైన పండగ వాతావరణం నెలకొంది. అమ్మ ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన బంధువు ఇప్పటికి వస్తున్నాడు. డ్రమ్ములు నిండాయి. అటుకులు, వేయించిన శనగలు, బెల్లం ముక్కలు డబ్బాల్లోకి ఎక్కాయి. బాల్కనీ తలుపుకి కొబ్బరితాడు బిగిసింది. అగ్గిపెట్టెలు, రేషన్ కార్డు, నా డిగ్రీ పట్టా, అన్నీ పాల ప్యాకెట్లలో దూరి మూతులు బిగించుకున్నాయి. పట్టాని కూడా ఎందుకమ్మా అంటే, "ఉండనీ" అంది.

కింది వాటావాడు మెట్లెక్కి వచ్చి ఇదంతా చూశాడు.

"మా వోల్లు పడవలు పైకి లాగతన్నారు. మీయమ్మ బస్తా పైకి లాగింది. ఒక్కటే పని బావా."

తెల్లవారుతూ మొదలైన గాలి మధ్యాహ్నం దాటే దాకా ఆగలేదు. ఎదురింటి డాబా మీది నీళ్ళ ట్యాంకు ఎగిరి మా వీధిలో ఒకసారి దొర్లి, నచ్చక పక్క వీధిలోకి వెళ్ళింది. మేం ముగ్గురం దీపం చుట్టూ కూర్చుని అటుకులు తిన్నాం. తర్వాతి రోజుల్లో కరెంటు లేదు, కొళాయి లేదు. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే మెట్లెక్కారు. ఒకరికి అగ్గిపెట్టె, ఒకరికి ఉప్పు, ఒకరికి దీపం వత్తి. అమ్మ అందరికీ ఇచ్చింది. ఇచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరిగి మా ఇద్దరి వైపూ ఒక చూపు చూసింది. నా భార్య నెమ్మదిగా, "ఇకమీదట పాల ప్యాకెట్లు నేనే కడుగుతాను," అంది. అమ్మని అంత సంతోషంగా నేను చూసింది అదే ఆఖరుసారి.

ఆ సంతోషంలోనే ఒక పొద్దున్న వంటింట్లో నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"మండె కట్టిన వాసన వత్తంది."

నారు పోయడానికి ముందు వడ్లు నానబెట్టి, తడి గోనెలో కట్టి, పైన గడ్డి కప్పి బరువు పెడతారు. లోపల వెచ్చబడి మొలక వస్తుంది. దాన్ని మండె కట్టడం అంటారు. కొంచెం పులుపూ, కొంచెం తీపీ కలిసిన వాసన. దువ్వాడలో పై అంతస్తు వంటింట్లో అది రావడానికి ఒకే దారి ఉంది. ముగ్గురం ఒకేసారి తలెత్తి అటక వైపు చూశాం.

స్టూలెక్కాను. ఇంటి కప్పు శ్లాబు నెర్రె విచ్చి, ఆ నెర్రె సరిగ్గా సంచి మీదికి చుక్క తర్వాత చుక్క వదిలింది. మా అమ్మ ఊళ్ళో నీళ్ళు కింది నుంచి వస్తాయి. పై అంతస్తులో పై నుంచి వస్తాయి. ఇంటిల్లిపాదిలో ఎవరికీ తట్టని సంగతి ఇంతే. ఇంట్లో మిగతావన్నీ పొడిగా ఉన్నాయి. నా పట్టా మీద చుక్క తడి లేదు.

సంచిలో చెయ్యి పెడితే జ్వరమొచ్చిన పిల్లాడి ఒంటిలా వెచ్చగా తగిలింది. పైపొర నల్లబడి బూజు పట్టింది. దాని కింద మొత్తం మొలిచాయి. గింజ గింజకీ తెల్లని ముక్కు. గుప్పెడు తీసి కిందికి అందించాను. అమ్మ అరచేతిలో పరిచి, వేలితో జరిపి చూసింది.

"ఒక్కటీ తప్పనేదు," అంది. ఆ మాటలో గర్వం ఉంది, అదే నాకు భరించరానిదైంది. "ఇంత బాగా మీ నాన కట్టినప్పుడూ రానేదు."

మొలిచిన విత్తనం ఆగదు. ఆ రోజో మర్నాడో బురదలో పడాలి, లేకపోతే చస్తుంది. మావయ్యకి ఫోన్ కలవడానికి సగం పూట పట్టింది.

"అప్పా, ఇక్కడ ఉన్న సేలే నీల్లలో పడిపోనాయి. జనం ఏడత్తన్నారు. నీ నారుకి మడి ఎవులిత్తారు సెప్పు?"

"మూల. ఒక్క మూల."

"మూలల్లో రాల్లు పాతీసినారే. ప్లాట్లకి."

ఫోన్ పెట్టేశాక అమ్మ వడ్లని చాప మీద పోసి విడదీసింది. నాన్న ఉన్నప్పుడు కళ్ళంలో ఏది వచ్చినా మూడు భాగాలు అనుకునేవారు: తినేది, విత్తేది, పోయేది. బూజు పట్టినవి ఒక పక్కకి నెట్టి, "పోయేది పోనాది," అంది. మిగిలిన దాన్ని రెండు చేసింది. ఒక కుప్పని నా భార్య వైపు తోసి, "ఉడకబెట్టీ," అంది. తడిసిన వడ్లు పారేయరు. ఉడకబెట్టి, ఎండబెట్టి, దంపుకుని తింటారు. తుఫానులొచ్చే ఊళ్ళలో అందరూ చేసే పనే. ఉడికిన గింజ తిండి అవుతుంది, ఇక విత్తనం కాదు. నా భార్య కుప్పనీ, అమ్మనీ మార్చి మార్చి చూసింది.

"అన్నీనా అత్తా?"

"ఇవి. ఆటికి జాగా సూత్తాను."

జాగా మా కిటికీ కిందే ఉంది. పక్కన ఎవరిదో ఖాళీ ప్లాటు. తుఫాను నీళ్ళు పిక్కల లోతున నిలిచి, అందులో సీసాలు, థర్మాకోల్ ముక్కలు, ఒక చెప్పు తేలుతున్నాయి. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, చేటలో వడ్లు పట్టుకుని దిగింది. నేను ప్యాంటు మడిచి ముందు నడిచి సీసాలు ఏరాను. మా వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్‌లో ఇది లేదు. లోతు తక్కువున్న అంచున, బురద కాలితో తొక్కి మెత్తన చేసి, అమ్మ చల్లింది. చెయ్యి ఎత్తి విసిరితే గింజలు విసనకర్రలా విచ్చుకుని పడ్డాయి. ఆ చెయ్యి అలా తిరగడం నేను చిన్నప్పుడు చూసిందే. అప్పుడు దాని ముందు ఎకరాలుండేవి.

కింది వాటావాడు గోడ మీంచి తొంగి చూశాడు.

"ఎకరాకి ఎంత దిగుబడి అత్తా?"

"సేపలు నువ్వెయ్యి, సగం సగం," అంది అమ్మ.

నారు లేచింది. వారం తిరిగేసరికి ఆ ప్లాటు అంచున చాపంత పచ్చదనం పరుచుకుంది. కరెంటు వచ్చింది, కొళాయి వచ్చింది, అమ్మ మాత్రం కిటికీ వదల్లేదు. ఒక కొంగ కూడా వచ్చి నిలబడింది. నిజం పొలమే అనుకుని ఉంటుంది పాపం. నారు ఊడుపుకి, అంటే పీకి నాటడానికి, అందేలోగా ఎక్కడో ఒక మడి దొరుకుతుందని అమ్మ నమ్మింది. నేను ఆదివారాలు బస్సులెక్కి తెలిసిన ఊళ్ళన్నీ తిరిగాను. దుఃఖంలో ఉన్న రైతుని మడి అడగడం ఎలాగో ఎవరూ నేర్పరు. "బాబూ, నువ్వు సదువుకున్నోడివిలా ఉన్నావు," అని ఒకాయన జాలిగా అని మజ్జిగ ఇచ్చాడు.

నిలిచిన నీటితో వీధంతా దోమలయ్యాయి. కాలనీవాళ్ళు ప్లాటు యజమానికి చెప్పారు. ఆయనెవరో మంచివాడిలా ఉన్నాడు, వెంటనే స్పందించాడు. ఒక పొద్దున్న గ్రావెల్ లారీ వెనక్కి వెనక్కి వచ్చి ప్లాటు ముందు ఆగింది. నేను మెట్లు దిగేసరికే అమ్మ లారీకీ నీళ్ళకీ మధ్య నిలబడి ఉంది.

"పక్కకి రా మాయమ్మా, గెడ్డి మీద పోత్తాం," అన్నాడు డ్రైవరు.

"గెడ్డి కాదు బాబూ. నారు."

"నారేటి, ఇక్కడా?" అతను దిగి వచ్చి, ఒంగి, ఒక మొక్క తుంచి చూశాడు. సిగరెట్టు పారేశాడు. "నిజవేఁ. మాదీ గజపతినగరం పక్కేనమ్మా. పీక్కో మరి. ఈ లోడు ఇంకోకాడ పోసీసి, ఇంకోటి ఏసుకొత్తాను."

అమ్మ ఒంగి పీకడం మొదలుపెట్టింది. వేళ్ళకంటిన బురద నీళ్ళలో జాడించి, కట్టలు కట్టి గట్టు మీద వరసగా పెట్టింది. నేనూ పీకాను. మొక్కలు తెగుతున్నాయని నన్ను పక్కకి పొమ్మంది. లారీ తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. డ్రైవరు కట్టల వైపు చూసి, మామూలుగా, ఊళ్ళో ఎవరినైనా అడిగినట్టే అడిగాడు.

"ఊడుపు ఎక్కడమ్మా?"

అమ్మ నోరు తెరిచింది. కుడి వైపు మా మూడంతస్తులు, ఎడమ వైపు ట్రాన్స్‌ఫార్మరు, ఎదురుగా రోడ్డు. అన్నిటినీ ఒకసారి చూసింది. తర్వాత అతనికి కాకుండా నాకు చెప్పినట్టు, "పోసీమను," అంది.

గ్రావెల్ జారిన చప్పుడు అయిపోయాక కూడా డ్రైవరు కాసేపు లారీ ఎక్కలేదు.

కట్టల్ని బాత్రూంలో బకెట్ నీళ్ళలో నిలబెట్టాం. స్నానానికి వెళ్ళిన ప్రతిసారీ వాటి ఎదురుగా నిలబడి ఒళ్ళు రుద్దుకోవడం నాకు సిగ్గుగా ఉండేది. కొన్నాళ్ళు పచ్చగానే ఉన్నాయి, తర్వాత కొసలు పసుపెక్కాయి. పూర్తిగా ఎండిపోకముందే అమ్మ వాటిని పట్టుకెళ్ళి వీధిలో తిరిగే ఆవుకి పెట్టింది. ఎండాక పెడితే దానికి పనికిరాదు కదా. పారేయడం మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

ఉడకబెట్టిన కుప్ప ఎండింది. ఇన్నేళ్ళూ తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపడానికే పనికొచ్చిన రోకలికి పని దొరికింది. మొలకెత్తిన వడ్లు కాబట్టి దంచితే సగం నూకలయ్యాయి. అమ్మ వాటిని ఒక డబ్బాలో పోసి, దేనికీ ముట్టుకోకుండా కొన్ని వారాలు ఉంచింది. తర్వాత ఒక రోజు డబ్బా దించి చేటలో పోసుకుంది.

ఆ రోజు నేను వంటింటి గుమ్మం దగ్గరే ఉన్నాను. బియ్యం కడగడానికి గిన్నెలోకి వంచింది. పక్కనే ముంత ఉంది. చెయ్యి అలవాటుగా గిన్నెలోకి వెళ్ళింది, పిడికిలి బిగిసింది. అమ్మ ఆ పిడికిలిని కొంచెంసేపు చూసుకుంది. తర్వాత వేళ్ళు విప్పి గింజల్ని గిన్నెలోనే వదిలేసింది. డబ్బా తిరగేసి అడుగున తట్టి, ఉన్నదంతా పోసి పొయ్యి మీద పెట్టింది.

నా భార్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ముగ్గురం కూర్చుని తిన్నాం. అన్నం ఎర్రగా ఉంది, కొంచెం ముక్కిన వాసన వేసింది. నేను మళ్ళీ పెట్టించుకున్నాను.